‘తమస్’: పీడితుల మధ్య గోడలు

మన విమర్శలో ఒక అలవాటు పాతుకుపోయింది. రచనలోని పాత్రలను ముందుగా రెండు వరుసలుగా నిలబెడతాం. ఒక వరుసలో పీడకులు, ఇంకొక వరుసలో పీడితులు. ఆ తరువాత ద్వేషం, మోసం, మతోన్మాదం మొదటి వరుసకు పంచిపెడతాం. సహనం, సౌహార్దం, ఐకమత్యం రెండవ వరుసకు ఇచ్చేస్తాం. అంతటితో పని అయిపోయిందనుకుంటాం. పేదవాడి నోట పక్కవాణ్ణి ఈసడించే మాట వినపడిందా, అది రచయిత లోపమనో, పైవర్గం వాడి మెదడులోకి ఎక్కించిన విషమనో తేల్చివేస్తాం. విషం అయితే కావచ్చు. అది ఎక్కిన మనిషి ఎటువంటివాడు, ఎందుకు ఎక్కించుకున్నాడు, దాని వల్ల అతనికి ఆ పూట దక్కిన లాభం ఏమిటి అన్న ప్రశ్నలు మాత్రం మిగిలిపోతాయి.

ఈ ప్రశ్నలను వదలకుండా పట్టుకున్న రచనల్లో భీష్మ సాహ్ని హిందీ నవల ‘తమస్’ ఒకటి. దాని ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన టెలివిజన్ చిత్రం 1988 జనవరిలో దూరదర్శన్ ద్వారా దేశమంతటా ప్రసారమైంది. దేశానికంతకూ దూరదర్శన్ ఒక్కటే ఉన్న కాలం అది. హిందీ అంతంత మాత్రంగా తెలిసిన తెలుగు ఇళ్ళలోకి కూడా ఆ చిత్రం వచ్చింది. సుమారు అయిదు గంటల ఈ చిత్రంలో నాకు ముఖ్యంగా కనిపించేది అట్టడుగున ఉన్న పాత్రలు ఒకరినొకరు చూసుకునే చూపు. ఈ వ్యాసంలో దాన్ని గురించి మాత్రమే రాస్తాను. నవలలో ఉన్నదాన్ని నవలలోదని వేరుగా చెబుతాను, ఎందుకంటే రెండింటి మధ్య కొన్ని ముఖ్యమైన తేడాలున్నాయి.

రచయిత సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. సాహ్ని 1915లో రావల్పిండిలో పుట్టాడు. నటుడు బలరాజ్ సాహ్నికి తమ్ముడు. 1947 మార్చిలో రావల్పిండి జిల్లాలో జరిగిన మారణకాండను కళ్ళారా చూసి, సహాయక కార్యక్రమాల్లో పనిచేసిన మనిషి. 1970లో భివండిలో మతకలహాలు జరిగినప్పుడు అన్నతో కలిసి అక్కడికి వెళ్ళి, ఆ పాడుబడ్డ వీధుల్లో తిరుగుతుంటే తన ఊరు గుర్తుకువచ్చి ఈ నవలకు పూనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. నవలకు 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘానికి ఆయన ప్రధాన కార్యదర్శిగా పనిచేశాడు. అంటే మనవాడు. మనవాడు రాసినదాన్ని మనం పూర్తిగా చదివామా అన్నదే నా సందేహం.

ఎందుకంటే ‘తమస్’ గురించి మన సభల్లో మాటలు ఎక్కువగా డిప్యూటీ కమిషనర్ రిచర్డ్ దగ్గరే ఆగిపోతుంటాయి. తక్షశిల శిల్పాలను ప్రేమించే ఆ తెల్లదొర, జనం తమలో తాము కొట్టుకుంటే పాలకుడికి భయం లేదని ఎరిగినవాడు. కర్ఫ్యూ పెట్టమని ఊరి పెద్దలు వచ్చి బతిమాలితే చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఊరు తగలబడ్డాక అప్పుడు కదులుతాడు. విభజించి పాలించడానికి ఇంతకంటె స్పష్టమైన బొమ్మ దొరకదు. నిజమే. కాని రిచర్డ్ ఒక్కడితోనే అయిదు గంటల కథ నడవదు. అతను కూర్చున్నచోటనే కూర్చుంటాడు. గల్లీల్లో కత్తులు తీసినవాళ్ళు వేరే. తలుపు తెరిచినవాళ్ళూ, మూసుకున్నవాళ్ళూ వేరే.

నాథూతో మొదలుపెడదాం. చిత్రం కూడా అతనితోనే మొదలవుతుంది. నాథూ చమార్. చచ్చిన పశువుల తోలు ఒలిచి బతికేవాడు. మన మాదిగల తోలుపనికి దగ్గర. పశువైద్యుడికి చచ్చిన పంది కావాలట, చంపి పెట్టమంటారు అతన్ని. నవలలో ఈ పని పురమాయించేవాడు మురాద్ అలీ, తెరమీద ఠేకేదారు. నాథూ వెంటనే ఒప్పుకోడు. తాము చచ్చినదాన్ని ఒలిచేవాళ్ళమే తప్ప పందుల్ని కోసేవాళ్ళం కామని, అది వేరేవాళ్ళ పని అని గొణుగుతాడు.

ఈ గొణుగుడు మీద మన విమర్శకులు ఎవరూ ఆగినట్టు లేదు. నాకు మాత్రం మొత్తం రచనకు ఇది తాళంచెవి అనిపిస్తుంది. ఊరంతా అంటరానివాడన్న ఆ మనిషికి కూడా తనకు కింద ఇంకొక మెట్టు ఉంది. పంది పని చేసేవాడు తనకంటె తక్కువ. ఆ తేడాను అతను నోరారా చెప్పుకుంటాడు, ఎందుకంటే అతనికి మిగిలిన గౌరవం అంతే. అంబేడ్కర్ మెట్లమెట్ల అసమానత అన్నది ఇదే. ఈ వ్యవస్థలో పూర్తిగా అడుగున ఉన్నానని ఒప్పుకోవలసిన అవసరం దాదాపు ఎవరికీ రాదు. ప్రతివాడికీ చూపించడానికి ఇంకొకడు ఉంటాడు. మన ఊళ్ళలో మాలలకు ఒక బావి, మాదిగలకు ఒక బావి ఉన్న కాలాన్ని ఎరిగిన పాఠకులకు నేను దీన్ని ఎక్కువ విప్పి చెప్పనక్కరలేదు.

అయినా నాథూ ఒప్పుకుంటాడు. ఎందుకు? నవల దీనికి ఆర్థిక కారణం చూపుతుంది. పశువు ఎక్కడ చచ్చినా తోలు నాథూకు ఇప్పించేది మురాద్ అలీ. రేపు తోలు రాకపోతే పొయ్యి వెలగదు. పైగా అయిదు రూపాయల నోటు ముందే జేబులోకి తోసేశాడు. ఇక ఆ రాత్రంతా మూసిన కొట్టంలో, దీపం వెలుతురులో, నాథూ ఆ పందితో పడిన పాట్లు చూస్తుంటే మనకే చెమటలు పడతాయి. ఓం పురి ఆ దృశ్యంలో వీరుడుగానూ కనిపించడు, దీనుడుగానూ కనిపించడు. చేతకాని పని నెత్తిన పడిన కూలివాడుగా కనిపిస్తాడు. తెల్లవారేసరికి ఆ కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. దానికి జవాబుగా ఆవు చస్తుంది. ఊరు రెండుగా చీలుతుంది.

ఒకసారి తరగతిలో నేను ఈ కథ చెబుతుంటే, తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి ‘తప్పు పందిని చంపినవాడిదే కదండీ మాస్టారూ’ అన్నాడు. ఇంకొకడు ‘చంపించినవాడిది’ అన్నాడు. వెనక బల్ల నుంచి ఒక అమ్మాయి, ‘పంది మెట్ల మీద కనపడితే మనుషుల్ని ఎందుకు చంపారండీ, పందిని తీసి అవతల పడేస్తే పోయేది కదా’ అంది. మొదటి జవాబు పోలీసు జవాబు, రెండవది మన విమర్శకుల జవాబు. మూడవ ప్రశ్న సాహ్ని ప్రశ్న. కుట్ర చేసినవాడికి ఆ ఊళ్ళో ముందే సిద్ధంగా ఉన్నదేమిటి అని ఆ అమ్మాయి అడుగుతోంది.

నాథూ తన నేరాన్ని లోలోపల మోస్తూ తిరుగుతాడు. చివరకు భార్య కర్మోకు చెబుతాడు. తెలిసి చేసిన పని కాదు కదా అని ఆమె అతన్ని ఓదారుస్తుంది. దీపా సాహి కర్మోలో నాకు నచ్చేది ఆమె తీర్పు చెప్పకపోవడం. గర్భిణి అయిన ఆమెకు ఎదురుగా ఉన్న పని ఈ మనిషిని నిలబెట్టుకోవడం. అయితే ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఊరంతా హిందువులు, ముసల్మానులు, సిక్కులు అని లెక్కలు పెట్టుకుంటుంటే నాథూను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నీది ఏ పక్షం అని అడగనైనా అడగరు. ఆ కలహానికి నిప్పు తన చేతి మీదుగా రాజుకున్నా, అందులో తన వాటా ఏమిటో తెలియని మనిషి అతనొక్కడే.

ఇప్పుడు నవలలోని ఒక ఘట్టం. షానవాజ్ అనే సంపన్న ముసల్మాను, లారీలు, బస్సుల వ్యాపారి. అతనికి రఘునాథ్ అనే హిందూ మిత్రుడు ప్రాణంతో సమానం. కలహాల మధ్య ప్రాణాలకు తెగించి ఆ కుటుంబాన్ని సురక్షితమైన చోటికి చేరుస్తాడు. మిత్రుడి భార్య అడిగిన నగల పెట్టె తేవడానికి వాళ్ళ ఇంటికి వెళతాడు. ఆ ఇంటికి కాపలాగా మిల్ఖీ అనే నౌకరు ఒంటరిగా మిగిలిపోయి ఉన్నాడు. పెట్టె తీసుకుని మెట్లు దిగుతుంటే ముందు నడుస్తున్న మిల్ఖీ తలమీద పిలక షానవాజ్ కంటపడుతుంది. పొద్దుటి నుంచి తనవాళ్ళ శవాలు, ఏడుపులు చూసి ఉడికిపోతున్న మనసు. వెనకనుంచి ఒక్క తన్ను. మిల్ఖీ మెట్ల మీద నుంచి దొర్లి నడుము విరిగి పడతాడు. నగల పెట్టె మాత్రం చెక్కుచెదరకుండా మిత్రుడి భార్యకు చేరుతుంది.

సహనం గురించి ఎన్ని వ్యాసాలు రాసినా ఈ రెండు పేజీలు చెప్పినంత చెప్పలేం. షానవాజ్ స్నేహం బూటకం కాదు, సాహ్ని ఎక్కడా దాన్ని వెక్కిరించడు. కాని ఆ స్నేహం ఒక అంతస్తులో ఉన్నవాళ్ళ మధ్య స్నేహం. అక్కడ మతం అడ్డురాదు. అడ్డురాని ఆ మతద్వేషం ఎక్కడికో పోవాలి కదా! అది నౌకరు నడుము మీదికి పోయింది. మన పట్టణాల్లో ‘మాకు అందరూ స్నేహితులే’ అని చెప్పుకునే మర్యాదస్తుల సహనాన్ని నేను ఈ మిల్ఖీ కళ్ళతో చూడడం నేర్చుకున్నాను.

దీనికి ఎదురుగా రాజో ఇల్లు నిలబెట్టండి. ‘తమస్’లో అత్యుత్తమ భాగం ఇదేనని నా అభిప్రాయం. నవలలోనూ, తెరమీదా.

హర్నామ్ సింగ్ ఒక చిన్న గ్రామంలో చాయ దుకాణం నడుపుకునే ముసలి సిక్కు. ఊరంతా ముసల్మానులు. కరీంఖాన్ అనే పాత మిత్రుడు వచ్చి, ఇక ఇక్కడ ఉండవద్దు, వచ్చేవాళ్ళను మేము ఆపలేమని హెచ్చరిస్తాడు. ముసలివాడు భార్య బంటోను తీసుకుని రాత్రికి రాత్రి బయలుదేరుతాడు. తెల్లవారుజామున ఏదో ఊళ్ళో ఒక తలుపు తడతారు. హర్నామ్ సింగ్‌గా తెరమీద కనిపించేది సాక్షాత్తు భీష్మ సాహ్నియే. బంటోగా దీనా పాఠక్. తలుపు తెరిచిన రాజో సురేఖా సిక్రీ. ఈ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయనటిగా జాతీయ బహుమతి వచ్చింది.

రాజో మొదట సందేహిస్తుంది. మగవాళ్ళు ఇంట్లో లేరు, వచ్చాక ఏమంటారో తెలియదు. ముసలివాళ్ళు వెనుదిరుగుతారు. వాళ్ళు రెండడుగులు వేశాక ఆమె వెనక్కి పిలుస్తుంది. ఈ రెండడుగుల దూరమే చాలా విలువైనది. పుట్టుకతో దయామయి అయిన తల్లిని సృష్టించి ఉంటే మనం కళ్ళు తుడుచుకుని మరిచిపోయేవాళ్ళం. రాజోకు భయం ఉంది, లెక్క ఉంది, ఇంటి మగవాళ్ళ కోపం తెలుసు. ఆ భయాన్ని దాటి పిలిచింది కనుకనే ఆ పిలుపుకు బరువు వచ్చింది.

ఆ ఇంట్లో కోడలు అక్రాఁ కూడా ఉంది. కాఫిర్లు ఇంట్లోకి రావడం ఆమెకు గిట్టదు. ముసలివాడి చేతిలో తుపాకి ఉంది, అది లాక్కోమని పట్టుపడుతుంది. మగవాళ్ళు రాగానే చెప్పేస్తుంది. ఇద్దరూ ఆడవాళ్ళే, ఇద్దరూ పేదవాళ్ళే, ఒకే పొయ్యి ముందు రొట్టెలు కాల్చుకునేవాళ్ళే. ఒకరు తలుపు తీస్తే ఇంకొకరు కత్తిని పిలుస్తారు. దీన్ని ఏ వర్గ సూత్రంతో వివరిస్తాం? కోడలు చెడ్డది, అత్త మంచిది అనుకుంటే అది మన పాత సినిమా కథను తిరగేసినట్లవుతుంది. నాకు తోచేది ఇది: ఆ ఇంట్లో కోడలికి ఇంతవరకు మాట లేదు. భర్త రంజాన్ లీగు జెండా పట్టుకుని తిరుగుతున్నాడు. ఇవాళ మొదటిసారి అత్త తప్పు చేస్తోంది, తనది ఒప్పు, తన వెనక మతం ఉంది, మొగుడు ఉన్నాడు, ఊరు ఉంది. ఏ అధికారమూ లేని మనిషికి ద్వేషం అధికారాన్ని అరువిస్తుంది. అక్రాఁ గొంతు హెచ్చడానికి కారణం హర్నామ్ సింగ్ మీద పగ కన్నా ఇదేనని నేను అనుకుంటాను.

మామ ఎహసాన్ అలీ వస్తాడు, నెత్తిన ఒక పెట్టెతో. అది దోచుకువచ్చిన సొమ్ము. తాళం పగలగొట్టబోతుంటే లోపలి నుంచి హర్నామ్ సింగ్, తాళం పగలగొట్టవద్దు, ఇదిగో తాళంచెవి, ఆ పెట్టె మాదే అంటాడు! దోచినవాడికీ, దోపిడీ అయినవాడికీ పాత పరిచయం. ఎహసాన్ అలీ తలదించుకుంటాడు. కాని పెట్టె తిరిగి ఇవ్వడు. సిగ్గుపడిన మనిషి, సిగ్గుపడుతూనే సొమ్ము ఇంట్లో ఉంచుకున్న మనిషి. వాళ్ళను అటక మీద దాస్తాడు. రంజాన్ వచ్చి నరుకుతానని పైకి ఎక్కుతాడు, ఎక్కి చెయ్యి ఎత్తలేక దిగివస్తాడు. తన ఇంటికి వచ్చి తన తల్లి పెట్టినది తిన్నవాణ్ణి నరకడానికి అతనికి చేతులు రావు. ఇది మానవత్వం గెలిచిన ఘట్టమని మనం చప్పట్లు కొట్టేలోపలే నవల ఇంకొకటి చూపిస్తుంది. ఇదే రంజాన్ ఉన్న గుంపు, కొండ గుట్టల్లో దాక్కున్న ఒక సిక్కు యువకుణ్ణి రాళ్ళతో కొట్టి బయటకు లాగి మతం మారుస్తుంది. ఆ యువకుడు ఇక్బాల్ సింగ్, అటక మీద ఉన్న ముసలివాళ్ళ కొడుకు. మతం మారేదాకా వాణ్ణి వేటాడినవాళ్ళే మారగానే కౌగలించుకుంటారు. ఇంట్లో అతిథిని చంపలేని చెయ్యి బయట వేటాడగలదు. ఆ చేతికి అడ్డు పడినది ఇంటి గడప మర్యాద, గ్రామంలోని పాత కట్టుబాటు. సిద్ధాంతం కాదు. ఆ కట్టుబాటు గడప దాటితే పనిచేయదు.

రాత్రి రాజో వాళ్ళను ఊరి పొలిమేర దాకా తీసుకువెళుతుంది. తుపాకి తిరిగి ఇస్తుంది. వాళ్ళ పెట్టెలో నుంచే తీసిన నగలు రెండు చేతిలో పెడుతుంది. అంతే. పెట్టె అంతా ఇవ్వదు, ఇవ్వలేదు. దోపిడీ సొమ్ముతో ఉన్న ఇంట్లోనే ఆమె తిరిగి వెళ్ళి పడుకోవాలి. ఆమె సహనానికి ఆ ఇల్లు ఎంత చోటు ఇచ్చిందో అంతే చేసింది. అంతకంటె కొంచెం ఎక్కువే చేసింది. షానవాజ్ నగల పెట్టె మొత్తం తెచ్చి ఇచ్చాడు, రాజో రెండు నగలే ఇచ్చింది. ఏది బరువో పాఠకులు తూచుకోవచ్చు.

ఇక చిత్రం మీద నడిచిన వివాదం. ప్రసారం మొదలైన కొద్దిరోజులకే దాన్ని ఆపించాలని బొంబాయి హైకోర్టుకు వెళ్ళినవాళ్ళున్నారు. తాత్కాలిక నిషేధం కూడా వచ్చింది. తరువాత జస్టిస్ లెంటిన్, జస్టిస్ సుజాతా మనోహర్ చిత్రం మొత్తం చూసి ఆ నిషేధాన్ని తొలగించారు. 1988 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ చిత్రాన్ని ఆపనక్కరలేదని తీర్పు చెప్పింది. ఆపాలన్నవారి వాదనల్లో ఒకటి, చదువురాని జనం దీన్ని చూసి రెచ్చిపోతారన్నది. న్యాయమూర్తులు దానికి ఇచ్చిన సమాధానం నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. చదువు రానంత మాత్రాన ఇంగితం లేనట్టు కాదని, మతఛాందసుల దుర్మార్గాన్ని తెరమీద కళ్ళకు కట్టినట్టు చూపిస్తే వాళ్ళకూ అర్థమవుతుందని వారు అన్నారు. పేదవాడు తనంత తాను ఆలోచించలేడు, ఎవరో రెచ్చగొడితే మంటలా లేస్తాడు అన్న అభిప్రాయం కూడా ఒక దురభిమానమే. అది మనలో లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

తెరమీది కథలో నిహలానీ చేసిన పెద్ద మార్పు, నాథూ కుటుంబాన్ని హర్నామ్ సింగ్ దంపతులతో కలపడం. నాథూ ముసలి తల్లిని వీపున మోసుకుని, కర్మోతో ఊరు విడుస్తాడు. తల్లి దారిలోనే చనిపోతుంది. ఆ తరువాత ఈ రెండు జంటలు కలుసుకుంటాయి. ఇల్లు పోయిన సిక్కు దుకాణదారు, ఇల్లన్నది సరిగా ఎన్నడూ లేని చమార్ పక్కపక్కన నడుస్తారు. ఊళ్ళో అయితే ఈ ఇద్దరూ ఒక మంచం మీద కూర్చునేవాళ్ళు కారు. దారి వాళ్ళను ఒకటి చేసింది. బంటో కర్మోను కూతురులా చూసుకుంటుంది. ఈ ఆప్యాయత నిజమైనదే. కాని నా మనసులో ఒక ప్రశ్న మెదులుతూనే ఉంటుంది: అన్నీ పోయిన తరువాతనే ఇది సాధ్యమైందా?

వాళ్ళు చేరిన గురుద్వారాలో ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. తేజా సింగ్ నాయకత్వంలో అక్కడ యుద్ధానికి సిద్ధమవుతున్నారు. అమ్రీష్ పురి ఆ పాత్రలో చూపిన గంభీరత భయం పుట్టిస్తుంది. చివరకు శత్రువులకు డబ్బు ఇచ్చి రాజీ చేసుకుందామని బేరం నడుస్తుంది. ఆ సంచీ పట్టుకుని చీకట్లో అవతలికి వెళ్ళే గ్రంథికి తోడుగా వెళ్ళేది నాథూ. తానే ముందుకు వస్తాడు. వాళ్ళు తిరిగిరారు. చంపుతున్నవాళ్ళకూ, చావడానికి సిద్ధమవుతున్నవాళ్ళకూ పవిత్ర కారణాలున్నాయి. నాథూకు పందిని చంపిన పాపం తప్ప ఇంకేమీ లేదు, దాన్ని కడుక్కోవడానికి వెళ్ళాడు. అతన్ని ఆ గురుద్వారా సహించింది, అన్నం పెట్టింది. కాని ప్రాణం పెట్టే పని వచ్చినప్పుడు అతను వెళతానంటే వద్దన్నవాళ్ళు లేరు.

ఇక్కడే నాకు నిహలానీతో పేచీ ఉంది. గురుద్వారాలోని స్త్రీలు జస్బీర్ వెంట నడిచి వెళ్ళి పిల్లలతో సహా బావిలో దూకుతారు. 1947 మార్చిలో రావల్పిండి జిల్లా థోహా ఖాల్సా గ్రామంలో నిజంగా జరిగిన ఘోరం దీనికి మూలం. జస్బీర్‌గా ఉత్తరా బావ్‌కర్ ముఖం మరిచిపోలేం. వన్‌రాజ్ భాటియా సంగీతం ఆ ఊరేగింపును ఒక యజ్ఞంలా పైకి ఎత్తుతుంది. నా అభ్యంతరం సరిగా దానికే. ఆ స్త్రీలలో ఎంతమంది తమంత తాము నడిచారు, ఎంతమంది నలుగురూ నడుస్తుంటే ఆగలేక నడిచారు? ముసల్మాను చెయ్యి తగిలిన స్త్రీని తమవాళ్ళు తిరిగి ఇంట్లోకి రానివ్వరని వాళ్ళకు ముందే తెలియదా? ఆ బావిని తవ్వింది అవతలివాడి క్రూరత్వం ఒక్కటేనా? ఈ ప్రశ్నలకు కెమెరా చోటు ఇవ్వలేదు, కన్నీళ్ళకు ఇచ్చింది.

నవల మాత్రం ఆ ప్రశ్నను ఇంకొక వైపు నుంచి పట్టుకుంది. ప్రకాశో అనే బ్రాహ్మణ బాలికను అల్లా రఖా ఎత్తుకుపోయి పెళ్ళాడతాడు. మిఠాయి తెస్తాడు, బట్టలు తెస్తాడు. బెదిరిపోయిన ఆ పిల్ల మెల్లగా ఆ ఇంటికి అలవాటు పడుతుంది. శరణార్థుల శిబిరంలో అధికారులు ఆమెను తిరిగి తెప్పిస్తామంటే తల్లిదండ్రులే వెనుకాడతారు. ఇప్పుడు తెచ్చుకుని ఏం చేసుకుంటామంటారు. ఎత్తుకుపోయినవాడిది నేరం, సందేహం లేదు. వద్దన్నవాళ్ళది మాత్రం ఏమిటి? బావిలో దూకినవాళ్ళకు దండలు, బతికి ఉన్న పిల్లకు గుమ్మం మూత. బావి ఘట్టాన్ని, ఈ ఘట్టాన్ని పక్కపక్కన పెట్టి చదవకపోతే సాహ్ని ఏం చెబుతున్నాడో సగమే వింటాం.

మన పార్టీలవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. నవలలో దేవదత్ అనే కామ్రేడ్ ఉన్నాడు. రెండు మతాల నాయకులనూ ఒకచోట కూర్చోబెట్టాలని ఊరంతా కాలికి బలపం కట్టుకుని తిరుగుతాడు. సొంత కేంద్రంలోనే ఒక ముసల్మాను కామ్రేడ్ గుండె చెదిరి ఇంటికి వెళ్ళిపోతాడు. మధ్యతరగతి నుంచి వచ్చినవాడు, పాత సంస్కారాలు పోలేదని దేవదత్ సమాధానం చెప్పుకుంటాడు. ఆ సమాధానం చల్లారక ముందే కార్మికవాడలో కూడా కొట్లాట మొదలైందని కబురు వస్తుంది. మధ్యతరగతి సూత్రం అక్కడ పనికిరాదు. సాహ్ని ఇక్కడ దేవదత్‌ను నవ్వులపాలు చెయ్యడు, ఆ మనిషి చిత్తశుద్ధిని గౌరవిస్తాడు. అతని లెక్క మాత్రం తప్పిందని చూపిస్తాడు. వర్గచైతన్యం ఉన్నచోట మతద్వేషం దానంతట అదే ఉండదని అతను అనుకున్నాడు. ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో ఒకే రోజు ఉండగలవు. పొద్దున సమ్మెలో పక్కన నిలబడినవాడి ఇంటికి రాత్రి నిప్పు పెట్టగలరు. దాన్ని ముందుగా ఒప్పుకుని పనిచేసే కార్యకర్తకూ, జరిగిన తరువాత ఆశ్చర్యపోయే కార్యకర్తకూ చాలా తేడా ఉంటుంది.

ఆ ఊళ్ళో భయం లేకుండా వీధిలోకి వచ్చి, కొట్టుకోవద్దని ఉపన్యసించినవాడు ఒక్కడే ఉన్నాడు. జర్నైల్ అంటారు అతన్ని. చిరిగిన సైనిక దుస్తులు, కుంటి నడక, మతి స్థిమితం లేదని అందరూ నవ్వుకునే కాంగ్రెస్ వాలంటీరు. కాంగ్రెస్ పెద్దలు ఇళ్ళలో ఉన్నప్పుడు అతను ఏ మతంవాళ్ళ వీధి అని చూడకుండా వెళ్ళి మాట్లాడాడు. కొట్టి చంపారు. వాడి పిచ్చిని నవ్వుతూ భరించిన ఊరు, వాడి మాటను భరించలేకపోయింది.

చిత్రం చివర శరణార్థుల శిబిరంలో కర్మో నాథూ కోసం వెతుకుతూ శవాన్ని చూస్తుంది. నొప్పులు వస్తాయి. గుడారం బయట హర్నామ్ సింగ్, బంటో కూర్చుని ఉంటారు. బిడ్డ ఏడుపు వినపడుతుంది. దాని వెంటనే దూరాన రెండు మతాల నినాదాలు వినపడతాయి. బలమైన ముగింపే. అయినా నేను నవల ముగింపు వైపే ఉంటాను. అక్కడ ఊళ్ళో శాంతి సంఘం ఏర్పడుతుంది. అన్ని పార్టీలవాళ్ళూ ఒక బస్సులో బయలుదేరతారు. హిందూ ముస్లిం ఐక్యత వర్ధిల్లాలని మైకులో గొంతెత్తి అరుస్తున్నవాడు మురాద్ అలీ. నాథూ ఉంటే వాణ్ణి గుర్తుపట్టేవాడు. నాథూ అప్పటికే చనిపోయాడు. బస్సు కదులుతుంది, రోడ్డు పక్క జనం ఆ నినాదానికి బదులు పలుకుతారు.